బందరు డాక్టరు, మా తమ్ముడి తెల్లబోర్డు కారు

ముందు మా తమ్ముడి సంగతి చెప్తాను. ఆ తర్వాత 1880లో పుట్టిన ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తాను. ఈ ఇద్దరికీ లంకె ఏంటని విసుక్కోకండి. ఉందండి లంకె.

తమ్ముడంటే మా పిన్ని కొడుకు. రాజోలు అవతల ఊరు. కువైట్‌లో ఎనిమిదేళ్ళు డ్రైవరు పని చేసి, ఒళ్ళు హూనం చేసుకుని వచ్చాడు. తెచ్చిన డబ్బులతో ఒక సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాడు. మనూరి జనాన్ని అమలాపురం ఆసుపత్రికి, రాజమండ్రి స్టేషన్‌కి, పెళ్ళిళ్ళకి కిరాయికి తిప్పేవాడు. కారుకేమో తెల్లబోర్డు. పసుపుబోర్డు చేయించుకోవాలంటే పన్ను ఎక్కువ, పర్మిట్ కావాలి, ఫిట్‌నెస్ కావాలి. మన కోనసీమలో ఇలాంటి తెల్లబోర్డు కిరాయి బండ్లు ఎన్నున్నాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఓ ఏడాది ఇన్సూరెన్స్ తేదీ దాటిపోయింది. నెలన్నర తర్వాత గుర్తొచ్చి కట్టబోతే, మధ్యలో తెగిపోయింది కాబట్టి బండిని తనిఖీ చెయ్యాలన్నారు. కుర్రోడొకడు వచ్చాడు. నాలుగు వైపులా ఫోటోలు తీశాడు. ఛాసిస్ నంబరు ఫోటో, మీటరు ఫోటో, అద్దం ఫోటో. ఎక్కడ గీత పడింది, ఎక్కడ సొట్ట ఉంది అని ఫోన్లో టిక్కులు పెట్టుకున్నాడు. అయిదు నిమిషాలు. తనిఖీ అయిపోయిందన్నాడు. బ్రేకు తొక్కి చూడలేదు. టైరు మీద చెయ్యి పెట్టలేదు. బండిని దేనికి వాడుతున్నావని అడగనూ లేదు.

ఆ వానాకాలం రాత్రిపూట, కాలవగట్టు మలుపులో బ్రేకు పట్టలేదు. కారు కాలవలోకి దిగిపోయింది. దేవుడి దయో, గట్టున చేపలు పట్టుకునేవాళ్ళ దయో, అందరూ బతికారు. కిరాయికి ఎక్కిన ఒకాయన కాలు విరిగింది. తమ్ముడు క్లెయిమ్ పెట్టాడు. సర్వేయరు వచ్చాడు, అరగంట ప్రశ్నలు వేశాడు. సొంత వాడకానికి ఇచ్చిన పాలసీతో బండిని కిరాయికి తిప్పారు కాబట్టి డబ్బులు రావని కాగితం వచ్చింది. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది. పాలసీ కూడా ఇంగ్లీషులోనే ఉంది. రెంటినీ తమ్ముడు నా దగ్గరికి తెస్తే, డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు రాత్రుళ్ళు చదివాను. నేనేం పెద్ద చదువులు చదివినోడిని కాదు. ఆ వాడకం షరతు మొదటి రోజు నుంచీ అందులోనే ఉంది. ఎవరూ చెప్పలేదు, మావాడు చదవలేదు. ఆ కాలు విరిగినాయన ఆసుపత్రి ఖర్చుకి మరదలి కువైట్ బంగారం తాకట్టుకెళ్ళింది.

తప్పు మావాడిదీ ఉంది. దాచను. కానీ రెండు రాత్రుళ్ళు ఆ కాగితాలు చదివాక నన్ను ఒక ప్రశ్న వదల్లేదు. ఆ తనిఖీ ఎవరి కోసం జరిగింది? బండి మీద గీతలు వెతకడం కంపెనీ డబ్బు కాపాడుకోడానికి. బ్రేకు చూడటం మనిషిని కాపాడ్డానికి. మొదటిది జరిగింది, రెండోది జరగలేదు. బీమా అనేది మన గడ్డ మీదకి ఇందుకే వచ్చిందా అని వెతుక్కుంటూ పోతే భోగరాజు పట్టాభి సీతారామయ్య దగ్గర తేలాను.

పేరు విన్నారు కదా. పోటీ పరీక్షలు రాసేవాళ్ళకి ఆయనొక ఒక మార్కు ప్రశ్న. ఆంధ్రా బ్యాంకు స్థాపకుడు ఎవరు? టిక్కు పెట్టి ముందుకెళ్ళిపోతాం. ఇంకొందరికి 1939లో సుభాష్ చంద్రబోస్ చేతిలో ఓడిపోయినాయన. అంతే. నాకూ నలభై ఏళ్ళు వచ్చేదాకా అంతే.

ఆయన 1880 నవంబరు 24న గుండుగొలనులో పుట్టారు. ఏలూరు పక్కన, కొల్లేరుకి దగ్గర. చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఇల్లు పేదది, పిల్లలు ఎక్కువ. తల్లి గంగమ్మ పిల్లల చదువు కోసం ఏలూరు చేరింది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. సంపాదించే మనిషి పోతే ఇల్లు ఏమవుతుందన్నది ఆ పిల్లాడికి పుస్తకంలో చదివి తెలిసింది కాదు. ఆ రోజుల్లో అలాంటి ఇంటికి దిక్కు ఎవరు? చుట్టాల దయ, లేకపోతే వడ్డీ వ్యాపారి. పెద్దయ్యాక ఈయన బీమా కంపెనీ ఎందుకు పెట్టారో ఆయన ఎక్కడైనా రాశారేమో గానీ, నాకు మాత్రం జవాబు ఆ ఏలూరు ఇంట్లోనే కనపడుతుంది. ఇది నా ఊహే.

బందరు నోబుల్ కాలేజీలో చదివారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో బీఏ చేశారు. ఆపైన వైద్యం చదివి ఎం.బి.సి.ఎం. పట్టా తీసుకున్నారు. తిరిగొచ్చి బందరులో డాక్టరుగా బోర్డు పెట్టారు. పదేళ్ళ పాటు నాడి పట్టారు. ప్రాక్టీసు బాగా నడుస్తుండగానే, 1916 ప్రాంతంలో దాన్ని వదిలేసి పూర్తిగా ప్రజల పనిలోకి దిగిపోయారు. ఇవాళ్టి లెక్కలో చెప్పాలంటే, రాబడి ఉన్న ఆసుపత్రి మూసేసి ఉద్యమంలోకి వెళ్ళడం.

బందరు అంటే ఉప్పెన దెబ్బ తిన్న ఊరు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో ముప్పై వేల మంది దాకా పోయారని లెక్క. పట్టాభి ఆ ఊరు చేరేనాటికి ఆ కథలు చెప్పే ముసలాళ్ళు ఇంకా బతికే ఉంటారు. మనకి 1996 నవంబరు 6 ఎలాగో వాళ్ళకి అది అలాగ. ఆ రాత్రి పడిపోయిన కొబ్బరిచెట్ల గురించి మా నాన్న తరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. చెట్టు మళ్ళీ కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది, ఈలోపు తినడానికేదీ? నష్టం ఒక్కడి నెత్తిన పడితే మనిషి మునిగిపోతాడు. పదివేల మంది తలా కొంచెం పంచుకుంటే మునగడు. బీమా అంటే మొదట్లో ఇంతేనండి. చందాలేసుకుని ఒకడి కొంప నిలబెట్టడం.

డెల్టాలో పంట ఉంది, డబ్బు ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట, ఆ తర్వాత కృష్ణ ఆనకట్ట కట్టాక భూములు పండాయి. కానీ ఆ డబ్బుని దాచుకునే చోటు, అవసరానికి తీసుకునే చోటు మనోళ్ళ చేతుల్లో లేదు. పెద్ద బ్యాంకులు తెల్లోళ్ళవి, మద్రాసులో. ఊళ్ళో షావుకారు. పట్టాభి ఈ ముడి విప్పడానికి పూనుకున్నారు. 1915లో కృష్ణా సహకార బ్యాంకు. 1923 నవంబరు 20న ఆంధ్రా బ్యాంకు రిజిస్టరయింది, 28న బందరులో పని మొదలుపెట్టింది. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. సరిగ్గా నెల తిరిగేసరికి మన కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. అటు జెండా పని, ఇటు జమాఖర్చుల పని, రెండూ ఒకే మనుషులు చేశారన్నమాట.

తర్వాత 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ. మన కథకి అసలు ముడి ఇక్కడుంది.

అంతకుముందు సంగతి తెలిస్తే గానీ దాని విలువ అర్థం కాదు. మన దేశంలోకి జీవిత బీమా వచ్చిన తొలి రోజుల్లో అది తెల్లోళ్ళ ప్రాణాలకే. భారతీయుడికి పాలసీ ఇస్తే ఎక్కువ ప్రీమియం గుంజేవాళ్ళు. నల్లోడి ప్రాణం మీద నమ్మకం లేదు మరి. 1870 దశకం మొదట్లో బొంబాయి మ్యూచువల్ అనే సంస్థ వచ్చి మామూలు రేటుకే మనవాళ్ళకి పాలసీలు ఇచ్చాక గానీ ఆ వివక్ష మీద దెబ్బ పడలేదు. మనిషి ప్రాణానికి రంగుని బట్టి రేటు కట్టిన చరిత్ర బీమాది. దాన్ని మన చేతుల్లోకి తెచ్చుకోవడం కూడా స్వరాజ్యంలో భాగమే అనుకున్న తరం పట్టాభిది.

ఇంకో సంగతి. ఆయన తెలుగు కోసం పట్టుబట్టిన మనిషి. మన ప్రాంతం పనులు, ఉత్తర ప్రత్యుత్తరాలు తెలుగులో జరగాలని పోరాడారు. ప్రత్యేకాంధ్ర కోసం 1910ల నుంచే గొంతెత్తిన కొద్దిమందిలో ఆయనొకరు. తెలుగువాళ్ళకి కాంగ్రెస్‌లో వేరే రాష్ట్ర కమిటీ కావాలని కొట్లాడి 1918 నాటికి సాధించినవాళ్ళలో ముందున్నారు. ఆ మనిషి జీవించిన నేల మీద, వందేళ్ళ తర్వాత, రాజోలు డ్రైవరు చేతికి తాను చదవలేని పాలసీ వచ్చింది.

పట్టాభి డాక్టరు అన్న విషయం మర్చిపోకండి. జీవిత బీమా తీసుకునే ముందు డాక్టరు పరీక్ష ఉంటుంది. బీపీ చూస్తారు, గుండె చూస్తారు. ఆ పరీక్ష కంపెనీ కోసం: ఈ మనిషి త్వరగా పోతాడా, పోడా? అదే డాక్టరు తన ఆసుపత్రిలో అదే మనిషి గుండె మీద స్టెతస్కోప్ పెడితే, అది ఆ మనిషి కోసం. చేసే పని ఒకటే, ఎవరి పక్షాన చేస్తున్నాడన్నది వేరు. పదేళ్ళు రోగుల పక్షాన చూసి, ఆ తర్వాత బీమా కంపెనీ పెట్టిన మనిషికి ఈ తేడా తెలీకుండా ఉంటుందా? మావాడి కారుకి జరిగిన తనిఖీ మొదటి రకం. కారుకి డాక్టరు వచ్చాడు గానీ, కారు కోసం రాలేదు. కారులో కూర్చునేవాళ్ళ కోసం అసలే రాలేదు.

అలా కాక ఇంకోలా జరిగిన చోటు ప్రపంచంలో ఉంది. అమెరికాలో 1865 ఏప్రిల్‌లో మిసిసిపీ నదిలో సుల్తానా అనే స్టీమరు బాయిలరు పేలి వెయ్యి మందికి పైగా చచ్చిపోయారు. ఎక్కువమంది యుద్ధం నుంచి ఇంటికి పోతున్న సిపాయిలు. పట్టాల్సినదానికంటే ఎన్నో రెట్లు జనాన్ని ఎక్కించారు, బాయిలరుకి మాట్లేసి నడిపారు. మరుసటి ఏడాది, 1866లో, హార్ట్‌ఫర్డ్ అనే ఊళ్ళో కొంతమంది బాయిలర్ల బీమా కంపెనీ పెట్టారు. దాని పేరులోనే తనిఖీ అనే మాట ముందు, బీమా అనే మాట తర్వాత ఉంటాయి. ప్రీమియం కడితే ఇన్‌స్పెక్టరు వచ్చి బాయిలరు చూస్తాడు, లోపం ఉంటే చెప్తాడు, సరిచేయిస్తాడు. పేలాక డబ్బులిచ్చే కంటే పేలకుండా చూసుకోవడం కంపెనీకీ లాభమే. మనిషికైతే చెప్పక్కర్లేదు. ఆ కంపెనీ ఇప్పటికీ ఉంది.

మన గోదారి మీద కూడా 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి పదుల మంది పోయారు. ఆ రోజు టీవీల ముందు కూర్చుని మనమంతా అడిగిన ప్రశ్న ఒకటే. ఈ బోటుని ఎవరు చూశారు, ఎలా చూశారు, ఎవరు వదిలారు?

మళ్ళీ పట్టాభి దగ్గరికొస్తాను. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళారు. తర్వాత మళ్ళీ వెళ్ళారు. 1935లో కాంగ్రెస్‌కి యాభై ఏళ్ళు నిండినప్పుడు ఆ సంస్థ చరిత్రని ఇంగ్లీషులో పెద్ద పుస్తకంగా రాసిచ్చింది ఈయనే. అదే ఏడాది హిందుస్థాన్ ఐడియల్ అనే ఇంకో బీమా కంపెనీ పెట్టారు. జైలు, పుస్తకం, కంపెనీ. ఖాళీగా కూర్చున్న ఏడాది కనపడదు.

1939 జనవరి 29న కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నిక. గాంధీ మద్దతుతో నిలబడి, బోస్ చేతిలో 1377 కి 1580 ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఆ ఓటమిని గాంధీ తన ఓటమిగా చెప్పుకోవడంతో, పట్టాభి పేరు ఆ ఒక్క రోజుతోనే ముడిపడిపోయింది. పాపం, ఇరవై నాలుగేళ్ళ పని ఒక పక్క, ఒక రోజు ఓటమి ఒక పక్క పెడితే లోకం రెండోదాన్నే గుర్తుపెట్టుకుంది.

విచిత్రం ఏంటంటే, ఆ మరుసటి నెలలోనే ఢిల్లీలో మోటారు వాహనాల చట్టం 1939 వచ్చింది. రోడ్డు మీద బండి నడపాలంటే, దాని వల్ల దెబ్బతినే బయటి మనిషి కోసం బీమా ఉండి తీరాలన్న సూత్రం ఆ చట్టంలో ఉంది. థర్డ్ పార్టీ అంటాం కదా, అది. కానీ ఆ భాగం అమల్లోకి వచ్చింది 1946 జూలై 1న. చట్టం పుట్టి ఏడేళ్ళు. మధ్యలో రెండో ప్రపంచ యుద్ధం. ఆ ఏడేళ్ళలో దాదాపు మూడేళ్ళు పట్టాభి అహ్మద్‌నగర్ కోటలో నెహ్రూ, పటేల్, ఆజాద్‌లతో పాటు బందీ. 1942 ఆగస్టులో పట్టుకెళ్తే 1945లో వదిలారు. అక్కడ రాసుకున్న డైరీ తర్వాత ఫెదర్స్ అండ్ స్టోన్స్ అనే పేరుతో పుస్తకం అయింది.

ఆ తర్వాత రాజ్యాంగ సభ సభ్యుడు. 1948లో పురుషోత్తమదాస్ టాండన్ మీద గెలిచి కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. తెలుగు రాష్ట్రం కోసం ముప్పై ఏళ్ళు కొట్లాడిన మనిషి, నెహ్రూ, పటేల్‌తో కలిసి జేవీపీ కమిటీలో కూర్చుని, 1949లో భాషా రాష్ట్రాలు కొన్నాళ్ళు ఆగాలని సంతకం పెట్టారు. ఆంధ్ర రాష్ట్రం ఇవ్వొచ్చు గానీ మద్రాసు నగరం మీద ఆశ వదులుకోవాలన్నారు. మనోళ్ళకి కోపం వచ్చింది. నాకూ ఆ చోట మింగుడుపడదు. పొట్టి శ్రీరాములు ప్రాణం పోతే గానీ 1953లో రాష్ట్రం రాలేదు. అప్పటికి పట్టాభి మధ్యప్రదేశ్ గవర్నరు. 1957 దాకా ఆ పదవిలో ఉండి, 1959 డిసెంబరు 17న కన్నుమూశారు.

ఆయన పెట్టినవి ఏమయ్యాయి? 1956లో జీవిత బీమాని కేంద్రం చేతుల్లోకి తీసుకుంది. సెప్టెంబరు 1న ఎల్ఐసీ పుట్టింది, 245 సంస్థలు అందులో కలిశాయి. ఆంధ్రా ఇన్సూరెన్స్ జీవిత బీమా వ్యాపారం కూడా అలాగే కలిసింది. మోటారు, అగ్ని, సరుకు లాంటి సాధారణ బీమా 1973 జనవరి 1న జాతీయమైంది, 107 కంపెనీలు నాలుగయ్యాయి. 2000 తర్వాత మళ్ళీ ప్రైవేటుకి తలుపు తీశారు. ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. మనూళ్ళలో ఆ పాత బోర్డు దించుతుంటే ఫోటోలు తీసి స్టేటస్‌లు పెట్టుకున్నాం. గుర్తుందా?

పెద్దాయనకి దండ వేసి వెళ్ళిపోయే రకం కాదు నేను. ఒక మాట చెప్పాలి. ఆ బ్యాంకు వాటాలు ఎవరివి? భూములున్న రైతులవి, వ్యాపారులవి, ప్లీడర్లవి. 1925లో మా పేటలో కూలి చేసే మా ముత్తాతకి ఏ బీమా పాలసీ ఎవరూ ఇవ్వలేదు. ఆయన ప్రాణానికి ప్రీమియం కట్టే స్థోమత ఉన్నోడు ఆ పేటలోనే లేడు. తెల్లోడు రంగు చూసి రేటు కడితే, మనోళ్ళ సంస్థలు ఆస్తి చూసి తలుపు తీశాయి. పట్టాభి తరం తెలుగోడికి బీమా తెచ్చింది నిజం. ఆ తెలుగోడిలో అందరూ లేరన్నదీ నిజమే. మిగిలిన పని మన తరానికి వదిలారనుకుంటాను.

ఆ మిగిలిన పని ఏంటో మన రోడ్ల మీదే చూడండి.

పొద్దున్నే కొత్తపేట సెంటర్‌లో నిలబడండి. గూడ్స్ ఆటోలో కూలీల్ని నిలబెట్టి తీసుకెళ్తుంటారు. ఆ ఆటో బోల్తా పడితే? సరుకు బండిలో సరుకుతో పాటు దాని యజమానో, ఆయన తరఫు మనిషో ఉంటే బీమా వర్తిస్తుంది. ఊరికే ఎక్కిన ప్రయాణికులకి కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. అంటే ఆ ఆటోలో నిలబడ్డ ఆడకూతుళ్ళకి రోడ్డు మీద రక్షణ లేదు, కాగితం మీదా రక్షణ లేదు. ఈ ముక్క వాళ్ళకి ఎవరైనా చెప్పారా?

అంతర్వేది, ఓడలరేవు వైపు బండ్లు నడిపేవాళ్ళని అడగండి. ఉప్పుగాలికి బండి అడుగున ఇనుము తినేస్తుంది. పైన రంగు తళతళలాడుతూనే ఉంటుంది. నాలుగు ఫోటోల తనిఖీలో అది కనపడుతుందా? 2022 జూలై వరదల్లో మన లంకల్లో నీళ్ళలో మునిగిన బండ్లు ఎన్ని. నీళ్ళు తగ్గగానే తాళం తిప్పి స్టార్ట్ చేశారు చాలామంది. ఇంజన్లోకి నీళ్ళు వెళ్ళాక స్టార్ట్ చేస్తే అది పగిలిపోతుంది, ఆ నష్టం మామూలు పాలసీలో రాదు. ఇంజన్ ప్రొటెక్ట్ అని అదనంగా కట్టుకుంటేనే. వరదొస్తే తాళం ముట్టకుండా, ఫోటో తీసి, కంపెనీకి ఫోన్ చేసి, బండిని మెకానిక్ దగ్గరికి లాక్కెళ్ళాలి. ఈ ఒక్క మాట ముందు తెలిస్తే ఎంత డబ్బు మిగిలేది!

కంపెనీలు అసలేం చెయ్యట్లేదని అనను. రోడ్డు మీద బండి ఆగిపోతే సాయం పంపే కవర్ ఉంది. కొన్ని పాలసీల్లో బండి చెకప్ కూడా కలుపుతున్నారు. కానీ ఆ చెకప్ చేసే గ్యారేజీ ఎక్కడుందో అడగండి. నగరంలో ఉంటే, సఖినేటిపల్లి నుంచి ఒక రోజు పని మానుకుని ఎవడెళ్తాడు? దొంగల నుంచి కాపాడే పరికరం పెట్టుకుంటే ప్రీమియంలో కాస్త తగ్గిస్తారు. బ్రేకులు, టైర్లు, లైట్లు బాగా ఉంచుకున్నోడికి ఎందుకు తగ్గించరు? నడిపే తీరును బట్టి ప్రీమియం పెట్టుకోవచ్చని 2022లో బీమా నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. మరి బండి ఆరోగ్యాన్ని బట్టి ఎందుకు పెట్టకూడదు? హార్ట్‌ఫర్డ్‌లో 1866లో సాధ్యమైంది, హైదరాబాదులో ఇప్పుడు సాధ్యం కాదా?

నా అడుగులు మూడే. ఒకటి, పాలసీతో పాటు తెలుగులో ఒక్క పేజీ ఇవ్వాలి: ఏది వస్తుంది, ఏది రాదు, బండిని దేనికి వాడితే చెల్లదు. రెండు, తనిఖీ అంటే బ్రేకు, టైరు, స్టీరింగ్, లైట్లు, అడుగుభాగం చూసి, ఆ చీటీ బండి యజమాని చేతికివ్వాలి. మూడు, ఆ తనిఖీ ఏడాదికోసారి మండల కేంద్రంలోనే జరగాలి. వానలు మొదలవకముందు జరిగితే మరీ మంచిది.

వాళ్ళు చేసేదాకా మనం కూర్చోవాలా? అక్కర్లేదు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇవాళ ఫోన్ పక్కన పెట్టి ఇంట్లో ఉన్న బండి కాగితాలు తియ్యండి. తేదీ చూడండి. ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే మొదటిసారి జరిమానా 2,000, మళ్ళీ దొరికితే 4,000. అది చిన్న నష్టం. ఇన్సూరెన్స్ లేని బండి మనిషిని గుద్దితే కోర్టు వేసే పరిహారం మన ఇల్లు, మన గట్టు అమ్మి కట్టాలి. అది పెద్ద నష్టం. తేదీ దాటి 90 రోజులైతే ఏళ్ళ తరబడి పోగేసుకున్న నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది. యజమానే నడుపుతూ చనిపోతే ఇంటికి 15 లక్షలొచ్చే వ్యక్తిగత ప్రమాద కవర్ ఉందో లేదో చూడండి. లైసెన్సు లేకపోతే అది చెల్లదు. గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియకపోయినా, చనిపోతే 2 లక్షలు, పెద్ద గాయమైతే 50,000 ఇచ్చే ప్రభుత్వ పథకం ఉంది. మన ఊళ్ళలో ఎంతమందికి తెలుసు?

తెల్లబోర్డు మీద కిరాయి తిప్పే అన్నలకి చేతులెత్తి చెప్తున్నా. పసుపుబోర్డు ఖర్చు భారమే. ఆ భారం తగ్గించమని అందరం కలిసి అడుగుదాం, నేనూ వస్తాను. కానీ ఆ తెల్లబోర్డుతో కిరాయి తిప్పినన్నాళ్ళూ మీరు కట్టే ప్రీమియం, మీకు అక్కర వచ్చిన రోజు, చెల్లని కాగితం.

మా ఊళ్ళో పోయిన వేసవిలో ఒక చిన్న పని చేశాం. యూత్ కుర్రాళ్ళు, ఇద్దరు మెకానిక్‌లు, నేను. ఆదివారం పొద్దున్న చర్చి ఎదురుగా ఖాళీ స్థలంలో టెంటు వేశాం. వచ్చిన ప్రతి ఆటో, బండి, కారుకి బ్రేకు, టైరు, లైటు చూశాం. డబ్బులు తీసుకోలేదు. కాగితాల తేదీలు ఒక పుస్తకంలో రాసుకుని, దగ్గరపడ్డవాళ్ళకి ఇప్పుడు ఫోన్లు చేస్తున్నాం. మొదట వచ్చింది మా తమ్ముడే. ఇప్పుడు పసుపుబోర్డు ఆటో నడుపుతున్నాడు. ముందు టైర్లో మేకు దిగి ఉంది. వాడు చూసుకోలేదు.

పట్టాభి సీతారామయ్య మొదలుపెట్టింది లక్ష రూపాయలతో. మేం మొదలుపెట్టింది ఒక టెంటు, రెండు జాకీలతో. వచ్చే వానాకాలం లోపు రాజోలు, అమలాపురం, కొత్తపేట వైపు ఊళ్ళలో ఎవరైనా ఇలాంటిది పెడితే, మెకానిక్‌లని తీసుకుని నేనూ వస్తాను. మర్చిపోకుండా ఒక ఖాళీ నోటు పుస్తకం, ఒక పెన్ను తెచ్చుకోండి. తేదీలు తెలుగులోనే రాద్దాం.